33 ఏళ్ల రిటర్నర్‌ని ఇప్పుడు తీసుకోవచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అబ్బాయి హైస్కూల్లో చదువుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూడటం చాలా ఏళ్లుగా అలవాటు. మా టీం రిటర్నర్‌కి మోకాలు దెబ్బతింది, అతనికి ఈ సీజన్ అయిపోయినట్టే. బదులుగా దించిన రూకీ (మొదటి ఏడాది కుర్రాడు) ఇప్పటికే రెండు పంట్‌లు చేజార్చాడు. ఒకప్పుడు ప్రో బౌల్‌కి (లీగ్‌లోని మేటి ఆటగాళ్లను ఎంపిక చేసే ఆట) వెళ్లిన రిటర్నర్ ఒకరున్నారు. వయసు 33, ప్రస్తుతం ఏ టీంలోనూ లేడు. అతన్ని తీసుకుంటారని వినిపిస్తోంది. నేను తీసుకోవాలంటాను. మావాడేమో ‘ఆ వయసులో ఏం పరుగెత్తుతాడు నాన్నా, ఆ చోటు కుర్రాడికే ఉంచాలి’ అంటాడు. ఎవరి మాట సరైంది? టీం పేరు కావాలనే రాయడం లేదు. పేరు చూస్తే అభిమానాన్ని బట్టి జవాబిస్తారేమోనని.

సమాధానం: తీసుకోమనే చెబుతాను. అయితే పంట్‌లు పట్టడానికి. కిక్‌ఆఫ్‌ల కోసమే అయితే మీ అబ్బాయి చెప్పిందే కరెక్టు. ఈ రెండు పనుల్నీ ఒకే గాటన కట్టి మాట్లాడుకుంటున్నారు కాబట్టే మీ వాదన తెగడం లేదనిపిస్తోంది.

ఆట అంతగా తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆట మొదలైనప్పుడు, ఎవరైనా పాయింట్లు చేశాక, బంతిని స్టాండు మీద నిలబెట్టి తన్నేది కిక్‌ఆఫ్. నాలుగో డౌన్‌లో, అంటే పది యార్డులు సాగడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిదాంట్లో, ఇక ముందుకు పోలేం అనుకున్నప్పుడు చేతిలోంచి వదిలి, నేల తాకకముందే ఎత్తుగా తన్నేది పంట్. ఏది తన్నినా అవతలి వైపు పట్టుకుని ఎదురు పరుగెత్తుకొచ్చేవాడే రిటర్నర్. చాలా టీముల్లో రెండూ ఒకడే చేస్తాడు. అందుకని మనకూ రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ ఇప్పుడున్న రూల్స్‌లో ఈ రెండు పనులకూ కావాల్సిన మనుషులు వేరు.

ముందు కిక్‌ఆఫ్ సంగతి. 2011లో తన్నే చోటును 30 యార్డ్ లైన్ (తన్నే టీం గోల్ లైన్ నుంచి 30 గజాలు) నుంచి 35కి జరిపారు. దాంతో బంతి ఎండ్ జోన్‌లోకి (గోల్ లైన్ వెనక ఉండే చోటు) పోయి టచ్‌బ్యాక్ కావడం, అంటే ఎవరూ పరుగెత్తకుండానే బంతిని ఒక నిర్ణీత లైన్ దగ్గర ఇచ్చేయడం పెరిగింది. ఎదురెదురుగా పూర్తి వేగంతో వచ్చి గుద్దుకోవడం వల్ల తలకు దెబ్బలు తగులుతున్నాయన్నదే అసలు భయం. ఆ భయంలో న్యాయం ఉంది. 2023లో ఇంకో అడుగు ముందుకేసి, కిక్‌ఆఫ్‌లో ఎక్కడ ఫెయిర్ క్యాచ్ (పరుగెత్తనని చెయ్యి ఊపి చెప్పి పట్టే క్యాచ్) పట్టినా బంతి 25 యార్డ్ లైన్ దగ్గర ఇస్తామన్నారు. ఆ సీజన్‌లో రిటర్నర్లు పట్టుకుని పరుగెత్తిన కిక్‌ఆఫ్‌లు నూటికి 22 కూడా లేవు. సీజన్ చివర, 2024 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన ఫైనల్ సూపర్ బౌల్‌లోనైతే ఒక్కటంటే ఒక్క కిక్‌ఆఫ్‌ని కూడా ఎవరూ తిప్పలేదు. అంతమంది చూస్తున్న ఆటలో ప్రతి కిక్‌ఆఫ్ దగ్గరా జనం ఫోన్ చూసుకోవాల్సి వచ్చింది.

2024లో ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే ఇంకో లీగ్ పద్ధతిని తీసుకొచ్చి మొత్తం మార్చేశారు. ఇప్పుడు కిక్కర్ ఒక్కడే తన 35 దగ్గర నిలబడతాడు. అతని టీంలోని మిగతా పది మంది ముందే అవతలి వైపు 40 యార్డ్ లైన్ మీద ఉంటారు. వాళ్లకు కాస్త ఎదురుగా 30, 35 లైన్ల మధ్య అడ్డుకునేవాళ్లుంటారు. గోల్ లైన్‌కీ 20కీ మధ్య ఉన్న చోటు ల్యాండింగ్ జోన్. బంతి అక్కడ పడితే తిప్పి తీరాలి, ఫెయిర్ క్యాచ్ లేదు. బంతిని ఎవరైనా పట్టుకునేదాకా లేదా అది నేల తాకేదాకా కిక్కర్, రిటర్నర్లు తప్ప ఎవరూ కదలకూడదు. మొదటి ఏడాది టచ్‌బ్యాక్‌కి 30 యార్డ్ లైన్ ఇచ్చారు. చాలామంది కోచ్‌లు ‘30 ఇచ్చినా పర్వాలేదు’ అనుకుని ఎండ్ జోన్‌లోకే తన్నించారు. 2025లో దాన్ని 35 చేశారు. అంత ఉచితంగా ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. తిరిగొచ్చే కిక్‌ఆఫ్‌లు ఒక్కసారిగా మూడింట రెండు వంతులు దాటిపోయాయి.

ఈ లెక్క చూసి ‘కిక్‌ఆఫ్‌లు మళ్లీ వచ్చాయి, కాబట్టి పాత కిక్‌ఆఫ్ వీరులకూ మంచి రోజులొచ్చాయి’ అనుకోవడం సహజం. నేను ఒప్పుకోను. పాత పద్ధతిలో రిటర్నర్‌కి ముందు చాలా ఖాళీ ఉండేది. పట్టుకుని, ముప్పై యార్డులు వేగం పుంజుకుని, సందు ఎక్కడ తెరుచుకుంటుందో చూసి దూరేవాడు. ఇప్పుడు రెండు వరుసలూ దగ్గర దగ్గరగా కలబడి ఉంటాయి. ఎక్కడో ఒక చిన్న సందు కనబడుతుంది, అదీ అర క్షణం. నేరుగా వచ్చి ఒక్క కోత కోసి, ఇద్దరు పట్టుకున్నా ఇంకో నాలుగు యార్డులు లాక్కెళ్లేవాడు కావాలి. అది బంతి పట్టుకుని గుంపులోకి దూరే రన్నింగ్ బ్యాక్ చేసే పని. ప్రతి ఆటలో నాలుగైదు సార్లు అలా ఒంటి మీదికి దెబ్బలు తెచ్చుకోవాలి. 33 ఏళ్ల మోకాళ్లకు, తొడ కండరాలకు ఆ పని అప్పగించడం తెలివైన పని కాదు.

దీనికి కళ్లముందే ఉదాహరణ ఉంది. కార్డరెల్ ప్యాటర్సన్ కిక్‌ఆఫ్ రిటర్న్ టచ్‌డౌన్‌లు (బంతితో అవతలి ఎండ్ జోన్ దాకా చేరడం) తొమ్మిది. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అదే రికార్డు. 2013లో మిన్నెసోటాలో రూకీగా ఉన్నప్పుడు గ్రీన్ బే మీద ఏకంగా 109 యార్డులు తిప్పాడు. తొమ్మిదోది 2022లో, అట్లాంటా తరఫున, 31 ఏళ్ల వయసులో. 2024లో కొత్త రూల్ వస్తోందనగా పిట్స్‌బర్గ్ అతన్ని తీసుకుంది. అప్పటికి 33. పేరు చూసినా, రూల్ చూసినా, బలమైన ఆ ఒళ్లు చూసినా సరిగ్గా సరిపోయే మనిషి. అక్కడ ఒక్క రిటర్న్ టచ్‌డౌన్ కూడా రాలేదు, 2025లో వదిలేశారు. ప్యాటర్సన్‌నేమీ తక్కువ చేయడం లేదు, అతనంటే నాకు చాలా ఇష్టం. కానీ అతనికే కుదరనిది మీ టీం తీసుకోబోయే మనిషికి కుదురుతుందని ఆశ పెట్టుకోవద్దు.

కిక్‌ఆఫ్‌లో అనుభవం పనికొచ్చే చోటు ఒక్కటుంది. కిక్కర్లు ఇప్పుడు బంతిని గాల్లో తిరగకుండా, వంకరగా, కిందుగా తన్ని ల్యాండింగ్ జోన్‌లో నేలకు కొట్టిస్తున్నారు. అది ఎటు ఎగురుతుందో చెప్పలేం. అక్కడ కంగారు పడనివాడు ఉంటే మంచిది. వెనక ఇద్దరు రిటర్నర్లు నిలబడొచ్చు కాబట్టి, అవసరమైతే పెద్దాయన్ని రెండోవాడిగా పెట్టి, అసలు పరుగు కుర్రాడికి ఇవ్వొచ్చు. అంతకుమించి వద్దు.

ఇక పంట్. నా జవాబంతా దీని మీదే ఆధారపడి ఉంది.

క్రికెట్‌లో లాంగాన్ దగ్గర ఆకాశాన్నంటిన క్యాచ్ పట్టడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. పంట్ పట్టడం అలాంటిదే, కాకపోతే బంతి గుండ్రంగా ఉండదు, మనం పైకి చూస్తున్నంతసేపూ మనల్ని పడగొట్టడానికి కొందరు పూర్తి వేగంతో పరుగెత్తుకొస్తుంటారు. బంతి గాల్లో ఉండేది సుమారు నాలుగున్నర సెకన్లు. అనుభవమున్న రిటర్నర్ ఆ నాలుగున్నర సెకన్లలో ఏం చేస్తాడో ఈసారి జాగ్రత్తగా గమనించండి. బంతి పైకి లేవగానే దాని ముక్కు చూస్తాడు. ముక్కు కిందికి వంగి తిరిగితే బంతి ఇంకా దూరం పోతుంది, వెనక్కి జరగాలి. ముక్కు పైకే నిలిచి ఉంటే దగ్గర్లోనే పడిపోతుంది, ముందుకు ఉరకాలి. ఎడమ కాలి పంటర్ అయితే బంతి సుళ్లు తిరిగే తీరే రివర్సు. మధ్యలో ఒక్కసారి, కేవలం ఒక్కసారి, చూపు దించి ఎవరు ఎంత దగ్గరికొచ్చారో చూసుకుని మళ్లీ బంతిని అందుకుంటాడు. ఇంకోవైపు తన మడమలు ఏ లైన్ మీద ఉన్నాయో గుర్తుంటుంది. పాతకాలం నుంచి కోచ్‌లు నేర్పేదేమిటంటే, మడమలు 10 యార్డ్ లైన్ మీద పెట్టి, బంతి తల దాటి వెనక్కి పోతుంటే ముట్టుకోవద్దని. బంతి పొట్టిగా పడబోతుంటే ‘పీటర్, పీటర్’ అని అరిచి, వెనక్కి తిరిగి చూడకుండా అడ్డుకుంటున్న తనవాళ్లను పక్కకు తప్పిస్తాడు. లేకపోతే బంతి వాళ్ల కాలికి తగిలి అవతలివాళ్ల పాలవుతుంది. ఆ తర్వాతే చేతులు. మోచేతులు దగ్గరగా, బంతి ఛాతీ మీదికి.

ఇందులో పరుగు ఎక్కడుంది? లేదు. అదంతా పట్టుకున్నాక. మీ అబ్బాయి కొలిచేది పట్టుకున్నాక ఏం చేస్తాడన్నది. నేను కొలిచేది ఆ నాలుగున్నర సెకన్లు. అవి వయసుతో త్వరగా పోవు. కొందరిలో ఇంకా మెరుగవుతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో అభిమానులను అడగండి, దీని విలువ చెబుతారు. 2012 జనవరి 22, క్యాండిల్‌స్టిక్ పార్క్, ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ (గెలిస్తే సూపర్ బౌలే), అవతల న్యూయార్క్ జెయింట్స్. వాన పడి తడిసిన మైదానం. 49ఎర్స్ మామూలు రిటర్నర్ టెడ్ గిన్ మోకాలి గాయంతో ఆడలేదు. కైల్ విలియమ్స్‌ని నిలబెట్టారు. నాలుగో క్వార్టర్‌లో నేల మీద దొర్లుతున్న పంట్ అతని మోకాలికి రవ్వంత తగిలింది, జెయింట్స్ ఎత్తుకున్నారు, కాసేపటికే మారియో మానింగ్‌హామ్ టచ్‌డౌన్. ఓవర్‌టైంలో ఇంకో పంట్ పట్టి పరుగెత్తుతుంటే చేతిలోంచి బంతి కొట్టేశారు. లారెన్స్ టైన్స్ ఫీల్డ్ గోల్ (స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్లు), 20-17, ఆట ముగిసింది. జెయింట్స్ అక్కడి నుంచి వెళ్లి సూపర్ బౌల్ గెలిచారు. విలియమ్స్ ఒక్కడి వల్లే ఓడారని అనను, ఆ రోజు 49ఎర్స్ ఆఫెన్స్ కూడా చేయాల్సినంత చేయలేదు. కానీ దొర్లుతున్న బంతికి నాలుగడుగుల దూరంలో నిలబడటం అన్నది పరుగుతో సంబంధం లేని విద్య. మీ రూకీ ఇప్పటికే రెండు జార్చాడంటే, మీ టీంకి కూడా అలాంటి రోజు రావచ్చు. అదే మీ టీం టెన్షన్ అయ్యుండాలి.

పెద్ద వయసులో మనిషిని తెచ్చుకుని లాభపడ్డ టీములున్నాయి. రిటర్నర్ బ్రయన్ మిచెల్‌ని 2000లో వాషింగ్టన్ వదిలేసింది. డియాన్ శాండర్స్ వస్తున్నాడు కదా, పంట్‌లు అతనే చూసుకుంటాడనుకున్నారు. మిచెల్ అదే డివిజన్‌లోని ఫిలడెల్ఫియాకి వెళ్లి, 32వ పుట్టినరోజు జరుపుకున్న ఆ ఏడాదే ఒక కిక్‌ఆఫ్, ఒక పంట్ టచ్‌డౌన్ దాకా తిప్పాడు. మూడు సీజన్లు అక్కడే ఆడాడు. అతను ఎప్పుడూ అందరికంటే వేగంగా పరుగెత్తేవాడు కాదు. నిదానంగా చూసి సూటిగా వెళ్లేవాడు. వేగం మీద బతికినవాడి కంటే అలాంటివాడు ఎక్కువ కాలం నిలుస్తాడు. మీ టీం చూస్తున్న మనిషి పాత వీడియోలు ఇద్దరూ కలిసి చూడండి. అతని టచ్‌డౌన్‌లు వేగంతో వచ్చాయా, చూపుతో వచ్చాయా గమనించండి. నా దృష్టిలో అతని వయసు కంటే అది ముఖ్యం.

డెవిన్ హెస్టర్ విషయం కొంచెం చిక్కుగా ఉంటుంది. రిటర్నర్ అన్న మాటకు అతన్ని మించినవాడు లేడు. మొత్తం 20 రిటర్న్ టచ్‌డౌన్‌లు, సూపర్ బౌల్ మొదటి కిక్‌ఆఫ్‌నే 92 యార్డులు తిప్పినవాడు, 2024లో క్యాంటన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ప్రధానంగా రిటర్నర్‌గానే వెళ్లిన మొదటివాడు. 2016 డిసెంబర్‌లో బాల్టిమోర్ అతన్ని సీజన్ మధ్యలోనే వదిలేసింది. ఆ నెలలోనే సియాటిల్‌లో రిటర్నర్ టైలర్ లాకెట్ కాలు విరిగింది. ప్లేఆఫ్‌ల ముందు సియాటిల్ 34 ఏళ్ల హెస్టర్‌ని తెచ్చుకుంది. పరిస్థితి మీ టీందే అనుకోండి. అట్లాంటాలో జరిగిన ఆటలో కిక్‌ఆఫ్‌లలోనే 190 యార్డులకు పైగా తెచ్చాడు. ఒక పంట్‌ని 80 యార్డులు తిప్పి అట్లాంటా గోల్ లైన్ దగ్గరికి తీసుకెళ్లాడు. తీరా చూస్తే తనవాడు అవతలివాణ్ని పట్టి ఆపాడని హోల్డింగ్ పెనాల్టీ. బంతి మళ్లీ సియాటిల్ గోల్ లైన్ దగ్గరికి వెనక్కి వచ్చింది. కాసేపటికే క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ తన లైన్‌మన్ కాలు తగిలి ఎండ్ జోన్‌లోనే పడిపోయాడు, సేఫ్టీ, అవతలివాళ్లకు రెండు పాయింట్లు. సియాటిల్ 36-20తో ఓడిపోయింది.

ఆ ఆట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అంత వయసులో అతను చేయగలిగిందంతా చేశాడు. మీ ప్రశ్నకు సంబంధించి అందులో నాకు కనబడేది ఇది: రిటర్నర్‌ని ఒక్కణ్ని తెచ్చుకుంటే సరిపోదు. అతని ముందు పది మంది ఉంటారు, ఎవరిని ఎంతసేపు పట్టి ఉంచాలో, ఎప్పుడు వదిలేయాలో వాళ్లకు అతని నడక అలవాటు కావాలి. అందుకే తీసుకునేదేదో ఇప్పుడే తీసుకోవాలి. డిసెంబర్ చివర్లో కాదు.

డబ్బు సంగతి మీ అబ్బాయికి చెప్పండి, వాడి అభ్యంతరం సగం తగ్గుతుంది. 2025 లెక్కల ప్రకారం ఏడు సీజన్లు పూర్తయిన ఆటగాడికి కనీస జీతం 12,55,000 డాలర్లు. కానీ ఒక్క ఏడాది కనీస ఒప్పందమైతే శాలరీ క్యాప్‌లో (టీం జీతాల మొత్తానికి ఉండే పరిమితి) టీం పేరున పడేది రెండు సీజన్ల ఆటగాడి లెక్కే, 10,30,000. సీజన్ మధ్యలో చేరితే అందులోనూ మిగిలిన వారాలకే. ఇంకో విషయం. నాలుగు సీజన్లు పూర్తయినవాడు మొదటి వారం రోస్టర్‌లో (టీం జాబితా) ఉంటే ఆ ఏడాది జీతమంతా అతనికి గ్యారంటీ. మొదటి వారం దాటాక చేరినవాడికి అలా ఉండదు. చాలామంది వెటరన్‌లకు సెప్టెంబర్ రెండో వారంలో ఫోన్లు రావడానికి కారణం అదే. వాళ్లకది బాధాకరమే, అయినా టీంకి సౌకర్యం. దానికంటే సౌకర్యం ప్రాక్టీస్ స్క్వాడ్, అంటే రోస్టర్ బయట ప్రాక్టీస్‌కి ఉంచుకునే బృందం. 16 మందిలో ఆరుగురిదాకా ఎంత అనుభవమున్నవాళ్లయినా ఉండొచ్చు. అక్కడి నుంచి ఒక ఆటకు ఇద్దరిని పైకి తేవచ్చు, ఒకే మనిషిని సీజన్‌లో మూడుసార్లు. అంటే ఎవరినీ తీసేయకుండా మూడు ఆటలు చూసుకునే వీలుంది. నేనైతే అలాగే మొదలుపెడతాను.

అసలు ఖరీదు డబ్బు కాదు, ఆట రోజు చోటు. రోస్టర్‌లో 53 మంది ఉన్నా, ఆడటానికి డ్రెస్ వేసుకునేది 48 మందే. అందులో ఒకడు పంట్ పట్టడం తప్ప ఇంకేమీ చేయకపోతే ఇంకో చోట లోటు పడుతుంది. ఆయన అవసరమైతే ఓ పది స్నాప్‌లు (ఒక్కో ప్లే ఒక స్నాప్) పాస్‌లు పట్టే రిసీవర్‌గా ఆడగలడా? ఈ ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబైతే నాకూ అనుమానమే.

ఇంకొకటి మీ ఇద్దరూ మరిచిపోయారు. బయటికి చూసే ముందు ఇంట్లో వెతకాలి. 2016లో న్యూ ఇంగ్లండ్ డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్ల ఎంపిక) రెండో రౌండ్‌లో తెచ్చుకున్న సైరస్ జోన్స్ రిటర్న్‌లలో పదే పదే బంతి జార్చాడు. వాళ్లు ఎవరినీ కొనలేదు. తమ రిసీవర్ జూలియన్ ఎడెల్‌మన్‌ని మళ్లీ పంట్‌ల కింద నిలబెట్టారు, ఆ ఏడాది సూపర్ బౌల్ గెలిచారు. ముఖ్యమైన రిసీవర్‌ని అలా నిలబెట్టడం రిస్కే, దెబ్బ తగిలితే రెండు పనులూ పోతాయి. అయినా మీ టీంలో స్లాట్‌లో (లైన్‌కి దగ్గరగా, లోపలివైపు) ఆడే పాత కాపు రిసీవర్ ఎవరైనా ఉండి, కాలేజీలో పంట్‌లు పట్టి ఉంటే, ముందు అతన్నే ప్రయత్నించాలి.

రూకీ గురించి మీ అబ్బాయి పడే ఆరాటం నాకు నచ్చింది. అతన్ని పక్కన పడేయమని నేను అనడం లేదు. కిక్‌ఆఫ్‌లు అతనికే ఇవ్వాలి. ఇప్పటి కిక్‌ఆఫ్‌కి కుర్ర కాళ్లే కావాలి, పైగా ఆటకు నాలుగైదు అవకాశాలొస్తాయి. పంట్‌లు మాత్రం వారమంతా ప్రాక్టీస్‌లో పెద్దాయన పక్కన నిలబడి పట్టాలి. రెండు జార్చినవాడిని మూడోసారి డెబ్బై వేల మంది ముందు నిలబెడితే నేర్చుకోవడం మాట అటుంచి, భయం పట్టుకుంటుంది.

పెద్దాయన వచ్చిన మొదటి ఆటలో యార్డులు లెక్కపెట్టకండి. నాలుగు పంట్‌లలో మూడు ఫెయిర్ క్యాచ్‌లు పట్టి నిమ్మళంగా పక్కకు వెళ్లిపోయినా బాధపడొద్దు. నేల మీద పడిన బంతులెన్నో చూడండి. తన్నిన ప్రతి పంట్‌నీ గాల్లోనే పట్టుకుంటే, దొర్లి దూరం పోయే పది, పదిహేను యార్డులు ప్రతిసారీ మిగిలినట్టే. పాదాలు చూడండి, బంతి కింద ముందే కుదురుగా నిలిచాయా, ఆఖరి క్షణంలో పక్కకు గెంతుతున్నాయా? మూడు ఆటల తర్వాత కూడా గెంతుతూనే ఉంటే, లేదా తొడ పట్టుకుని పక్కకు కూర్చుంటే, మీ అబ్బాయి మాట నెగ్గినట్టే. అప్పుడు ఏ మొహమాటమూ లేకుండా రూకీకి పంట్‌లు తిరిగి ఇచ్చేయాలి.